వచ్చే కాలం, వాడే కాలం: కృష్ణా నీళ్ల మీద పాఠకుల ప్రశ్నలు

కృష్ణా నది గురించి ప్రశ్నలు పంపమని కోరినప్పుడు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. వాటిలో ఏడింటిని ఇక్కడ తీసుకున్నాను. కొన్నింటికి నాలుగు మాటలు చాలాయి, మరికొన్నింటికి చాలా దూరం నడవవలసి వచ్చింది. ఇంచుమించు ప్రతి ఉత్తరం వెనకా ఒకే సందేహం కనిపించింది: అంత పెద్ద నది ఉండి కూడా నీళ్లు ఎందుకు చాలవు? ఏడాది మొత్తానికి వచ్చే నీటి లెక్క ఒకటి, అది వచ్చే రోజులకూ మనకు కావలసిన రోజులకూ మధ్య ఉన్న ఎడం మరొకటి. మన ఇక్కట్లలో ఎక్కువ భాగం ఈ రెండోదాని నుంచే పుడుతున్నాయని నా అభిప్రాయం.

ప్రశ్న: మా వైపు జూలై నెలంతా మబ్బుల కోసం ఎదురుచూస్తూనే గడిచిపోతుంది. కానీ ఆ నెలాఖరుకు శ్రీశైలానికి వరద వస్తోందని వార్తల్లో చెబుతారు. ఇక్కడ చినుకు లేకపోతే అంత నీరు ఎక్కడిది? పిల్లలకు బోర్డు మీద గీసి చూపించేలా చెప్పగలరా?
— ఒక ఉపాధ్యాయురాలు, నల్గొండ

జవాబు: ముందుగా బోర్డుకు ఎడమ చివర నిలువుగా ఒక గోడ గీయండి, అది పడమటి కనుమలు. అరేబియా సముద్రం నుంచి వచ్చే మేఘాలు ఆ గోడకు తగిలి తమ బరువంతా అక్కడే దించుకుంటాయి. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం ఆ గోడ మీదే, సుమారు 1,337 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఏటా ఐదు వేల మిల్లీమీటర్లకు పైగా వర్షం పడుతుంది. గోడ దాటి తూర్పుకు కొద్ది దూరం రాగానే వర్షం ఐదారు వందల మిల్లీమీటర్లకు పడిపోతుంది. సాంగ్లీ తూర్పు తాలూకాలు, విజయపుర, రాయచూరు, మన పాలమూరు, కర్నూలు, అనంతపురం అన్నీ ఆ వాననీడలో ఉన్నవే. విచిత్రమేమిటంటే కృష్ణ పుట్టిన చోటి నుంచి పడమటి సముద్రం 64 కిలోమీటర్లే, అయినా ఆమె అటు తిరగకుండా తూర్పుకు దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది.

కరాడ్ దగ్గర కృష్ణ, కోయన ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. ఆ తరువాత పంచగంగ, దూధ్‌గంగ, ఘటప్రభ, మలప్రభ, భీమ ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరతాయి. పిల్లలకు ఇవన్నీ కొమ్మలుగా గీసి, దారిలో ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీలను కుండలుగా చూపించండి. పై కుండ నిండి పొంగితేనే కింది కుండకు నీరు. ఆల్మట్టి ఒక్కటే 123 టీఎంసీల వరకు పట్టుకుంటుంది (ఈ కొలత ఏమిటో తరువాతి జవాబులో చెబుతాను). భీమ మీద ఉజ్జనీ, కోయన మీద కోయన జలాశయం, తుంగభద్ర మీద హొస్పేట ఆనకట్ట కూడా తమ వంతు నింపుకోవలసినవే. 2.58 లక్షల చదరపు కిలోమీటర్ల పరివాహక ప్రాంతంలో నూటికి డెబ్బై వంతులు మహారాష్ట్ర, కర్ణాటకల్లోనే ఉంది కనుక మన వరద అనేది అక్కడి కుండల పొంగే. అది ఏ వారంలో మొదలవుతుందో మన ఆకాశం చూసి చెప్పలేం.

ప్రశ్న: టీఎంసీకీ క్యూసెక్కుకూ తేడా ఏమిటి? 2024 సెప్టెంబరులో మా ఊరు మునిగినప్పుడు 11.43 లక్షల క్యూసెక్కులు అన్నారు. అంత నీటిని ముందే ఆపి దాచుకోలేకపోయారా?
— డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: టీఎంసీ నిలిచి ఉన్న నీటికి కొలత, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఆ నీటితో సుమారు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నీరు నిలపవచ్చు. క్యూసెక్కు ప్రవాహానికి కొలత, అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. 11,574 క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే వార్తల్లోని లెక్కలన్నీ ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు.

ఆ లెక్కన 11.43 లక్షల క్యూసెక్కులంటే రోజుకు దాదాపు 99 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీ పట్టేది సుమారు 3 టీఎంసీలు. ఆ ఉద్ధృతికి ఖాళీ బ్యారేజీ అయినా ముప్పావు గంటలో నిండిపోతుంది. నిల్వ చేయడానికి కాదు, నీటిమట్టాన్ని పైకెత్తి కాలువల్లోకి మళ్లించడానికి కట్టిన కట్టడం అది. పైగా ఆ వరదలో పెద్ద భాగం సాగర్‌కు దిగువన కురిసిన వాన. మున్నేరు, దానిలో కలిసే వైరా, కట్టలేరు వంటి వాగుల మీద అంతటి నీటిని ఆపగల పెద్ద జలాశయం లేదు. సింగ్‌నగర్ వైపు మునిగింది కృష్ణ పొంగి కాదు, బుడమేరు గట్టు తెగి. ఈ రెంటినీ కలిపి మాట్లాడితే రేపు కట్టవలసిన గట్టు ఏదో తెలియకుండా పోతుంది.

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ ప్రాంతం. చిన్నప్పుడు కృష్ణ స్నానానికి వెళ్లేవాళ్లం, తిరిగి వచ్చి బిందె నీళ్ల కోసం వరుసలో నిలబడేవాళ్లం. ఇప్పుడు డాలస్‌లో మా పిల్లలు పటం చూసి, నది పక్కనే ఉండగా కరవు ఎందుకని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?
— ఒక పాఠకుడు, అమెరికా

జవాబు: పటంలో నది ఊరి పక్కనే కనిపిస్తుంది గానీ ఎత్తు కనిపించదు. అక్కడే ఉంది కిటుకంతా. నారాయణపేట జిల్లా తంగడి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టిన కృష్ణ, జూరాల దాటాక రాతి గట్ల మధ్య లోతుగా దిగిపోతుంది. శ్రీశైలం జలాశయం నిండుగా 885 అడుగులున్నప్పుడు కూడా నీటిమట్టం సముద్రమట్టానికి 270 మీటర్లే. మహబూబ్‌నగర్ పట్టణం సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. నీరు దానంతట అది పల్లానికే పోతుంది కనుక, గట్టు మీదున్న ఊరికి అందకుండా కిందనే పారిపోయి ఎక్కడో దూరాన ఉన్న మైదానంలో మాగాణిని పండిస్తుంది. పుష్కరస్నానానికి మెట్లు దిగిన ప్రతివారికీ ఈ ఎత్తు మోకాళ్లకు తెలుసు.

గట్టెక్కించాలంటే ఎత్తిపోయాలి. ఒక టీఎంసీని వంద మీటర్లు పైకెత్తడానికి, పంపుల్లో పోయే నష్టం కూడా కలుపుకుంటే, ఇంచుమించు కోటి యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలన్నీ ఈ ఖర్చు భరించి నడుస్తున్నవే. పాలమూరు-రంగారెడ్డి వాటికంటే చాలా పెద్దది. ఈ ఖర్చు చూపించి ఆ పథకాలు దండగ అనేవారితో నేను ఏకీభవించను. దశాబ్దాల పాటు దేశమంతా తిరిగి ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీలు తమ ఊరికి నీళ్లు కావాలని అడిగితే కరెంటు బిల్లు చూపించడం న్యాయం కాదు. అయితే అంత ఖరీదైన నీటిని పైకెత్తాక చెరువులు నింపి, తాగునీటికీ తక్కువ నీటితో పండే పంటలకూ ముందు ఇవ్వాలని, వరి మడుల్లో నిలబెట్టకూడదని మాత్రం గట్టిగా చెబుతాను.

ఎత్తిపోయనక్కర లేకుండా అందవలసిన నీటి కథ ఇంకోటి ఉంది. తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్ట నుంచి గద్వాల, అలంపూర్ వైపు 87,500 ఎకరాలకు నీరు రావాలి, అందుకు 15.9 టీఎంసీల కేటాయింపు ఉంది. కాలువ మొదటి భాగం కర్ణాటకలో ఉంది. పూడిక పేరుకుని, గట్లు జారి, దారిలోనే నీరు తరిగిపోగా, ఏళ్ల తరబడి చివరి ఆయకట్టు రైతు చూసింది ఎండిన కాలువనే. ఆ కొరత తీర్చడానికి చివరకు తుమ్మిళ్ల దగ్గర ఎత్తిపోతల పెట్టవలసి వచ్చింది.

ప్రశ్న: మా తాతగారు 1950ల్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ తుంగభద్ర ఆయకట్టులో క్యాంపులో, అంటే వలస రైతుల ఊరిలో, స్థిరపడ్డారు. 2024 ఆగస్టులో 19వ తలుపు కొట్టుకుపోయినప్పుడు మా గుండె ఆగినంత పనైంది. ఒక తలుపు పోతే మిగిలినవన్నీ ఎందుకు ఎత్తారు?
— ఒక రైతు, గంగావతి తాలూకా, కర్ణాటక

జవాబు: మీ క్యాంపుల వాళ్లకు ఆ వారం ఎంత భయంగా గడిచిందో ఊహించగలను. తుంగభద్ర ఆనకట్టకు 33 తలుపులు, ఒక్కొక్కటీ 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ తలుపు గొలుసు తెగింది. గొలుసు లేని తలుపు నీటి తోపుడుకు నిలవదు, అది కొట్టుకుపోయింది. అప్పటికి జలాశయం నిండుగా, 105 టీఎంసీల దాపున ఉంది.

పోయిన తలుపు స్థానంలో కొత్తది దించాలంటే మామూలుగా నీటిమట్టం ఆ ఖాళీ అడుగుకన్నా కిందికి, అంటే 20 అడుగుల మేర తగ్గాలి. ఒక్క ఖాళీ లోంచి ఉరికే నీటితో అది తగ్గేసరికి చాలా రోజులు పడుతుంది. ఈలోగా ఆ ఒక్కచోటే నీరంతా విరుచుకుపడితే కట్టడానికీ చేటే. అందుకే మిగతా తలుపులెత్తి ఒత్తిడిని పంచారు. ఆ తరువాత పారుతున్న నీటిలోనే ఉక్కు పలకలను ఒకదానిపై ఒకటి దించి వారం రోజుల్లో ఖాళీ మూయగలిగారు. ఈ పనికి ముందు నిలిచిన కన్నయ్యనాయుడు గారు తలుపుల పనిలో తలపండిన ఇంజినీరు. ప్రవాహంలో వేలాడుతున్న ఉక్కు పలకను గాడిలో కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలుస్తుంది. అలా ఆయకట్టు నీటిలో పెద్ద భాగం మిగిలింది.

పులిచింతలలోనూ 2021 ఆగస్టు 5న 16వ తలుపు ఇలాగే కొట్టుకుపోయింది. తుంగభద్ర ఏడు దశాబ్దాల కట్టడం, పులిచింతల నిన్న మొన్నటిది. అంటే వయసు ఒక్కటే కారణం కాదు. గొలుసులకూ, తాళ్లకూ, గాడులకూ గ్రీజు పెట్టి, తుప్పు గీకి, ఏటా ఎత్తి దించి చూడవలసిన పని ఇది. శంకుస్థాపనలా ఫొటోకు అందే పని కాదు కనుక నిధుల్లో ఎప్పుడూ వెనకబడుతుంది.

ప్రశ్న: 811, 512, 299 అని రోజూ వింటాం. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రాష్ట్రాల మధ్య నీటి తగాదా తీర్చడానికి 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ 78 ఏళ్ల ప్రవాహాలను పరిశీలించి, నూరేళ్లలో 75 ఏళ్లు తప్పక వచ్చే నీరు 2,060 టీఎంసీలని తేల్చింది. వీటిని నికర జలాలంటాం. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. పొలాల్లో వాడిన నీటిలో కొంత మళ్లీ నదికి చేరుతుందని లెక్కగట్టి మరో 70 కలిపితే అవి 585, 734, 811 అయ్యాయి. మంచి సంవత్సరాల్లో వచ్చే మిగులును దిగువన ఉన్న మనం వాడుకోవచ్చని, అయితే దానిమీద హక్కు పుట్టదని చెప్పింది. ఆ మిగులు మీద ఆధారపడిన తెలుగుగంగ వంటి పథకాల చిక్కంతా ఈ చివరి మాటలోనే ఉంది.

2004లో వేసిన బ్రిజేశ్‌కుమార్ ట్రిబ్యునల్ ఆ మిగులును కూడా పంచింది, ఆల్మట్టి ఎత్తును 519.6 మీటర్ల నుంచి 524.256కు పెంచుకోనిచ్చింది. ఆ తీర్పు గెజిట్‌లో రాకుండా సుప్రీంకోర్టు ఆపింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక, 2015లో తాత్కాలిక సర్దుబాటుగా ఆంధ్రప్రదేశ్ 512, తెలంగాణ 299 వాడుకోవడానికి ఒప్పుకున్నాయి. పరివాహక ప్రాంతంలో ఎక్కువ భాగం మాది కనుక వాటా పెరగాలని తెలంగాణ వాదన. తరాలుగా సాగవుతున్న ఆయకట్టును తగ్గించకూడదని ఆంధ్రప్రదేశ్ వాదన. 2023 అక్టోబరులో కేంద్రం ఈ పంపకాన్ని కూడా అదే ట్రిబ్యునల్‌కు అప్పగించింది. రెండు వాదనల్లోనూ పస ఉంది. అయితే 299 అయినా 512 అయినా కాగితం మీది ఏడాది మొత్తమే, అవి ఏ నెలలో ఎన్ని అన్నది తేలకుండా రైతు నారు పోసుకోలేడు. నెలవారీ విడుదల పట్టిక మీద జరగవలసినంత చర్చ ఎక్కడా జరగడం లేదు.

ప్రశ్న: మాది కాలువ చివరన ఉన్న శివారు భూమి. సాగర్ నిండిందని, బ్యారేజీ తలుపులెత్తారని పేపర్లో చదువుతాం, మా బోదెలో మాత్రం నీళ్లుండవు. డ్రెయిను నీళ్లు పెట్టుకుందామంటే ఉప్పగా ఉంటున్నాయి. ఇది ఎవరి తప్పు?
— ఒక రైతు, రేపల్లె ప్రాంతం

జవాబు: అయ్యా, మీ ఉత్తరం చదవగానే నాకు కాలువల మీద పనిచేసిన రోజులు గుర్తొచ్చాయి. ఒక ఆగస్టులో కాలువ కాపలా చూసే లస్కరుతో కలిసి ఒక పంట కాలువ వెంట మొదటి నుంచి చివరి దాకా నడిచాను. తూము దగ్గర గట్టుకు బిగించిన కొలబద్ద మీద నీరు నిండుగా ఉంది. రెండు మైళ్లు దాటేసరికి గుర్రపుడెక్క అల్లుకుని నీటిని ఆపేస్తోంది, తూటికాడ గట్టు మీదికి ఎక్కింది. లస్కరు చేతికర్రతో పొదలు తప్పించి చూపిస్తే గట్టు అడుగున నాలుగు చోట్ల పైపులు బయటపడ్డాయి. చివరి మైలులో కాలువ అడుగు కనిపిస్తోంది, దాంట్లో ఒక గేదె పడుకుని ఉంది. ఆ వేసవిలో తీసిన పూడికను గట్టు మీదే పోసి వదిలేసిన ఒక కాంట్రాక్టరు వల్ల, నీళ్లు వదిలిన తొలి వారంలోనే ఆ మట్టి మళ్లీ కాలువలోకి దిగిపోయింది.

అసలు విషయం నీటిమట్టం. తూము గడప కాలువ అడుగుకన్నా పైన ఉంటుంది. కాలువ నిండుగా పారితేనే నీరు గడప ఎక్కి బోదెలోకి, అంటే పొలానికి వెళ్లే పిల్ల కాలువలోకి, వస్తుంది. సగం కాలువ ముప్పై రోజులు పారించినా శివారు తూముకు చుక్క అందకపోవచ్చు. అదే నీటిని వంతులు వేసి పదిహేను రోజులు నిండు కాలువగా పారిస్తే అందుతుంది. ఎద్దడి ఏళ్లలో వారాబందీ పెట్టేది ఇందుకే. అది పనిచేయాలంటే వంతు కాని రోజుల్లో ఎగువవారు తూములు దించాలి. 1997 చట్టంతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలకు ఉండవలసిన మొదటి పని ఇదే. సంఘం బలంగా ఉన్న చోట కాలువ చివరి దాకా తడవడం నేను కళ్లారా చూశాను.

ఇక సమయం సంగతి. 1855 నాటికి విజయవాడ దగ్గర ఆనకట్ట కట్టినప్పుడు ఎగువన ఇన్ని జలాశయాలు లేవు, తొలకరి వరద నేరుగా డెల్టాకు వచ్చేది, జూన్‌లో నారుమళ్లు పడేవి. సుమారు 13 లక్షల ఎకరాల ఈ ఆయకట్టుకు కేటాయించిన 152.2 టీఎంసీలు కాగితం మీద భద్రంగానే ఉన్నాయి, కానీ పై కుండలు నిండేవరకూ కిందికి రావు. ఊడ్పులు ఆలస్యమైతే కోతలు నవంబరు తుపానుల్లో పడతాయి. ఆ ఎడం పూడ్చడానికే 45.77 టీఎంసీల పులిచింతల కట్టారు, పట్టిసీమ నుంచి గోదావరి నీళ్లు తెచ్చారు. అవి మీ జిల్లాకు మేలు చేశాయనడంలో సందేహం లేదు.

ఉప్పు గురించి. డ్రెయిను సముద్రంలోకి పోయే మురుగు కాలువ. పైనుంచి మంచినీరు తగ్గితే పోటు సమయంలో సముద్రమే వెనక్కి వస్తుంది. రొయ్యల చెరువుల నుంచి వదిలే నీరు కూడా అందులోనే కలుస్తుంది. మోటారు వేసే ముందు మీ పెద్దలు చేసినట్టే వేలు ముంచి నాలుక మీద పెట్టి చూడండి, కాస్త ఉప్పదనం తగిలినా ఆ రోజు పొలానికి పెట్టవద్దు. ఒక్క తడి వల్ల చెడిన నేల కోలుకోవాలంటే మంచి వానలు కావాలి. ఎవరి తప్పని అడిగారు. పైన చెప్పిన పైపులు పెట్టిన రైతులది, పూడిక వదిలేసినవారిది, ఆ పనిని ఏప్రిల్‌లో మొదలు పెట్టకుండా జూన్ దాకా కాగితాలు తిప్పేవారిది. నది తప్పు మాత్రం కాదు.

ప్రశ్న: సముద్రం పాలయ్యే నీరంతా వృథాయే కదా? అలాగే, మా పిల్లలకు హంసలదీవి దగ్గర సంగమం చూపించాలనుంది, ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?
— ఒక పాఠకురాలు, అవనిగడ్డ

జవాబు: మీ పిల్లలు ఆడుకునే నేలే ఆ నీరు తెచ్చిన ఒండ్రు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయలై దివిసీమను చేతుల్లోకి తీసుకున్నట్టు సముద్రంలోకి వెళుతుంది. పాయల చివర మడ అడవులు ఆ మంచినీరు ఉప్పునీరు కలిసే చోటనే బతుకుతాయి, చేపల, రొయ్యల పిల్లలు అక్కడే పెరుగుతాయి. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన మీ ఊరి పెద్దలకు తీరాన చెట్ల విలువ నేను చెప్పనక్కర లేదు. ఒండ్రు ఇప్పుడు ఎక్కడ ఆగిపోతోందో కూడా తెలుసు. పూడిక వల్ల నిల్వ సామర్థ్యంలో శ్రీశైలం 308 టీఎంసీల నుంచి 215కు, సాగర్ 408 నుంచి 312కు తగ్గాయి. రెండూ కలిపి పోగొట్టుకున్నది నాలుగు పులిచింతలలంత. డెల్టాకు చేరవలసిన మట్టి అక్కడ జలాశయాల అడుగున కూర్చుంది. వరదలో కొంత ఒడిసిపట్టి ఎద్దడి నెలలకు దాచుకోవాలనడం సరైనదే, దాన్ని నేనూ కోరుకుంటాను. చివరి చుక్క దాకా ఆపాలనడం మాత్రం మీ ఊరి బావుల్లోకి ఉప్పును పిలవడమే.

సంగమానికి కోడూరు మీదుగా పాలకాయతిప్ప వరకు దారి ఉంది. ఒకసారి సెప్టెంబరులో, బ్యారేజీ నుంచి నీరు వదిలిన కొన్ని రోజులకు వెళ్లండి, ఎర్రమట్టి నీరు సముద్రంలోకి చాలా దూరం గీత గీసినట్టు కనిపిస్తుంది. మళ్లీ ఏప్రిల్‌లో తీసుకెళ్లండి. రెండుసార్లూ దారిలో ఒకే చేతిపంపు దగ్గర ఆగి పిల్లల చేత ఆ నీటిని రుచి చూపించి, ఏ నెలలో ఎలా ఉందో నోటుపుస్తకంలో రాయించండి. వాళ్లు ఏం రాశారో నాకు ఒక ఉత్తరంలో తెలియజేస్తే సంతోషిస్తాను.